చిటికెన వేలి మీద చప్పట్లు

మా అమ్మాయి మూడు షరతులు పెట్టింది. బస్సులో తన పక్క సీట్లో కూర్చోకూడదు. ఫ్రెండ్స్ ముందు "చిన్నీ" అని పిలవకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తను వాయిస్తున్నప్పుడు నేను తాళం వెయ్యకూడదు.

"చప్పట్లు కొట్టాలనిపిస్తే?"

"అయిపోయాక కొట్టు. మధ్యలో మాత్రం వద్దమ్మా, ప్లీజ్. నువ్వెప్పుడూ రాంగ్ బీట్ మీద కొడతావు."

విజయవాడలో ఘంటసాల గారి పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాలకి నాలుగేళ్లు సాయంత్రం క్లాసులకి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని. బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అది. అక్కడ నేర్చుకున్న చేతికి రాంగ్ బీట్ అని పేరు పెట్టింది పదహారేళ్ల పిల్ల. అయినా నోరు మూసుకున్నాను. ఎందుకంటే అది చెప్పింది నిజమే.

కరోనాకి ముందు మాట ఇది. మేం సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్ జాజ్ బ్యాండ్‌లో ఆల్టో శాక్సోఫోన్ వాయించేది. ఫిబ్రవరి ఆఖర్లో బ్యాండ్ మొత్తం ఐడహో యూనివర్సిటీలో జరిగే లయనెల్ హాంప్టన్ జాజ్ ఫెస్టివల్‌కి వెళ్తోందని, పిల్లల వెంట తల్లిదండ్రులు కొందరు రావాలని మెయిల్ వచ్చింది. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరి పేరు మాస్కో. ఫోన్లో మా అమ్మకి చెబితే "రష్యాకా? ఈ చలిలోనా?" అంది. కాదమ్మా, ఇక్కడే, బస్సులో అయిదు గంటలే అని నమ్మించడానికి అరగంట పట్టింది.

వెళ్లడానికి కాగితాల తతంగం పెద్దదే. వాలంటీర్‌గా బ్యాక్‌గ్రౌండ్ చెక్. పిల్లకి అనుమతి పత్రం. తలనొప్పి మాత్ర వెయ్యాలన్నా ముందే సంతకం పెట్టిన మందుల ఫారం. ఇవన్నీ వారంలో అయిపోయాయి. అసలు పని వేరే ఉంది. పెద్ద బ్యాండ్‌తో పాటు సోలో పోటీకి కూడా మా అమ్మాయి పేరిచ్చింది. తన క్లాసు పిల్లలే ముగ్గురు పియానో, బేస్, డ్రమ్స్ మీద ఉంటారు. ముందు జాజ్ శాక్సోఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ రాసిన ఒక బ్లూస్ పాట వాయించాలి. ఆ తర్వాత సోలో, అంటే అప్పటికప్పుడు తోచింది వాయించాలి.

అప్పటికప్పుడు తోచింది! పోటీలోనా? నేను ఎంసెట్ కాలం మనిషిని. పరీక్ష హాల్లో కూర్చున్నాక తోచేది ఏముంటుంది, ముందు రోజు రాత్రి దాకా చదివిందే రాయాలి కదా. అందుకని రంగంలోకి దిగాను.

ఆ బ్లూస్ లెక్క మొదట నాకు అర్థం కాలేదు గానీ, చేత్తో వేసి చూసుకుంటే తేలికే. పన్నెండు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. అంటే ఎనిమిదేసి దెబ్బల ఆదితాళం సరిగ్గా ఆరు ఆవర్తనాలు, ఆరు చుట్లు. కింద ఆధార స్వరం కదులుతూ ఉంటుంది, అదొక్కటే మనకి కొత్త. స మీద మొదలై, మ మీదకి వెళ్లి, మళ్లీ స కి వచ్చి, ప తొక్కి ఇంటికి చేరుతుంది. మళ్లీ మొదటికి. ఈ ఒక చుట్టుని వాళ్లు కోరస్ అంటారు. పైన వాయించడానికి పిల్లలకి మొదట నేర్పే అయిదు స్వరాలు చూస్తే స గ మ ప ని, అంటే మన శుద్ధ ధన్యాసి రాగం! నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు వారాలు కూర్చుని మూడు కోరస్‌లకి స్వరాలు రాశాను. ముక్తాయింపుతో సహా. శాక్సోఫోన్ అంటే నా తలలో ఉన్నది కద్రి గోపాల్‌నాథ్ గారే. ఆ వాయిద్యాన్ని గమకాలకి, అంటే స్వరాన్ని ఊపి వాయించడానికి, లొంగేలా మార్చుకుని, కర్ణాటక కచేరీ వేదికెక్కించిన మనిషి. ఆయన దారిలో కొన్ని పట్లు కూడా పెట్టాను.

ఒక తిరకాసు మాత్రం వదల్లేదు. కింద పియానో అంతర గాంధారం, అంటే పై గ, పట్టుకుని ఉంటుంది. పైన మా పిల్ల సాధారణ గాంధారం, అంటే దానికి ఒక్క మెట్టు కింది గ, వాయిస్తుంది. రెండూ ఒకేసారి. మా మాస్టారు వింటే వీణ కింద పెట్టేసి లేచి వెళ్లిపోయేవారు. "ఆ గొడవే బ్లూస్ అమ్మా" అంది మా అమ్మాయి. పైగా పియానో అబ్బాయి ఎఫ్ అంటే దీని కాగితం మీద అది డి అవుతుందట, ఆల్టో శాక్స్ శ్రుతి అలాంటిదట. ఆ సంగతి వాళ్లకే వదిలేశాను.

స్వరాలన్నీ అది బట్టీ పట్టింది. లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 132 దెబ్బల మీద పెట్టి, కళ్లు మూసుకుని వాయించేంతగా. వాళ్ల బ్యాండ్ సార్‌కి ఈ సంగతి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను.

బుధవారం తెల్లవారుజామున అయిదింటికి బస్సు. స్నోక్వాల్మీ కనుమలో మంచు కురుస్తుంటే బస్సు నత్తనడక నడిచింది. వాంటేజ్ దగ్గర కొలంబియా నది దాటాక ఎండ. అక్కణ్నించి 26వ నంబర్ రోడ్డు మీద గంటల తరబడి మనిషి కనపడలేదు. కోల్‌ఫాక్స్ దగ్గరికొచ్చేసరికి పలూస్ కొండలు మొదలయ్యాయి. కొండలంటే మన ఇంద్రకీలాద్రిలా రాళ్లు కావు. దుప్పటి కింద ఎవరో పడుకున్నట్టు మెత్తగా ఎత్తుపల్లాలు, వాటి మీద మంచు. వేసవిలో అవన్నీ గోధుమ, మసూరు పప్పు, కాబూలీ శనగల చేలు. పక్క ఊరు పుల్‌మన్‌లో ఏటా పప్పు పండగే చేస్తారు. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఆ పప్పు కొండలు చూస్తుంటే దగ్గరి చుట్టాల ఊరికి వెళ్తున్నట్టే ఉంది. నాలుగు సీట్ల వెనక నుంచి మా అమ్మాయి ఫోన్లో మెసేజ్ పెట్టింది: "అమ్మా, మూత పెట్టు. ఇంగువ."

దారిలో బ్యాండ్ సార్ మైక్ తీసుకుని హాంప్టన్ గురించి చెప్పారు. వైబ్రఫోన్ అనే వాయిద్యాన్ని, లోహపు పట్టీల మీద సుత్తుల్లాంటి కర్రలతో కొట్టేదాన్ని, జాజ్‌లోకి తెచ్చి నిలబెట్టినవాడు. నల్లవాడైన ఆయన 1936లో తెల్లవాడైన బెన్నీ గుడ్‌మన్ క్వార్టెట్‌లో, అంటే నలుగురి బృందంలో, చేరాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వేదిక మీద వాయించడం అమెరికాలో అరుదైన రోజులవి. మా సియాటిల్ గార్‌ఫీల్డ్ హైస్కూల్లో చదివిన క్విన్సీ జోన్స్ కుర్రతనంలో హాంప్టన్ బ్యాండ్‌లోనే ట్రంపెట్ వాయించాడు. అది విని పిల్లలు "ఓ" అన్నారు. ఫెస్టివల్ 1967 నుంచే ఉంది. హాంప్టన్ 1984లో ఇక్కడ వాయించాడు. మరుసటి ఏడాదే ఫెస్టివల్‌కి ఆయన పేరు పెట్టారు, 1987లో సంగీత విభాగానికి కూడా. 2002లో పోయేదాకా ఆయనకి ఈ ఊరితో బంధం తెగలేదు.

మాస్కోలో హోటళ్లు దొరకలేదు. ముప్పై మైళ్ల దిగువన లూయిస్టన్‌లో దిగాం. అక్కడికి వెళ్లే ఘాట్ రోడ్డు రెండు వేల అడుగులు కిందికి దిగుతుంది. రాత్రి, మంచులో. నాకు తెలిసిన హనుమాన్ చాలీసా అంతా ఆ మలుపుల్లోనే అయిపోయింది.

మర్నాడు పొద్దున యూనివర్సిటీ అంతా తిరునాళ్లలా ఉంది. ఎక్కడ చూసినా వాయిద్యాల పెట్టెలు భుజాన వేసుకుని నల్ల ప్యాంట్లు, నల్ల చొక్కాల పిల్లలు. క్లాసు గదులు, హాళ్లు, ఊళ్లో చర్చిలు అన్నీ పోటీ వేదికలే. వాయించాలి, న్యాయనిర్ణేతలు కాగితం మీద వ్యాఖ్యలు రాస్తారు, ఆ తర్వాత వాళ్లలో ఒకరు పిల్లలతో కాసేపు కూర్చుని పాఠం చెప్తారు. ఈ పాఠం సంగతి నేను పట్టించుకోలేదు. మార్కుల గురించే అడిగాను.

శాక్సోఫోన్ రాత్రంతా బస్సు డిక్కీలో ఉండిపోయింది. చల్లబడ్డ ఇత్తడి శ్రుతి దిగిపోతుందని మా అమ్మాయికి తెలుసు, దింపుకోవడం మర్చిపోయింది. ట్యూనర్ పెట్టి చూస్తే శ్రుతి పాతిక సెంట్లు, అంటే పక్క మెట్టుకి ఉన్న దూరంలో పావు వంతు, కిందకుంది. వార్మప్ గదిలో ఇరవై నిమిషాలూ వెచ్చటి గాలి ఊదుతూ, దాన్ని కోటు లోపల పసిపిల్లలా పొదువుకుని తిరిగింది. నోటి దగ్గరుండే పలచటి పుల్ల, రీడ్, ఒకటి చీలింది. రెండోది దొరికింది. ఈలోగా పిలిచేశారు.

సోలో పోటీలో వేగం చెప్పేది సోలో వాయించేవాళ్లే. చిటికెలు వేస్తూ "వన్, టూ, వన్ టూ త్రీ ఫోర్" అని లెక్క ఇవ్వాలి. ఆ నాలుగు అంకెలు విన్నప్పుడే నా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. 132 కాదది, 160కి తగ్గదు. టెన్షన్‌లో గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో అంత వేగంగా చెప్పేసింది. డ్రమ్స్ పిల్లాడు దాన్నే పట్టుకుని పరిగెత్తాడు. పాట వరకు బాగానే అయింది. మొదటి కోరస్, నేను రాసిందే, ముక్కలు కాకుండా ఎలాగో దాటింది. రెండో దాంట్లో నా తీర్మానాల దగ్గర, అంటే మూడేసి సార్లు తిప్పి ముగించే చోట్ల, వేళ్లు తడబడ్డాయి. మూడో ఆవర్తనంలో పూర్తిగా పోయింది. నిశ్శబ్దం. వెనక ముగ్గురూ ఆగకుండా వాయిస్తూనే ఉన్నారు. నా చెయ్యి తెలియకుండానే తొడ మీద దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు వేస్తోంది. సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, ఎక్కడుందో మా అమ్మాయికి చూపించాలని. అది నావైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదయింది. నాలుగు బార్లు అలా ఖాళీగా వదిలేసి, ఒక స్వరం ఊదింది. మళ్లీ అదే స్వరం, కాస్త ఆలస్యంగా. ఆ రెండు ముక్కలతోనే ఏదో నడిపి, పాటలోకి తిరిగొచ్చి ముగించింది.

అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన, తెల్ల గడ్డం, స్వెట్టరు, కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. మొదటి ప్రశ్న ఇదీ: "మొదటి కోరస్ ఎవరు రాశారు?"

మా అమ్మాయి అబద్ధం ఆడదు. "మా అమ్మ" అని వెనక వరసలోకి వేలు చూపించింది. గదిలో ఉన్న నలభై మందీ తిరిగి నన్ను చూశారు. బ్యాండ్ సార్ కూడా. ఆయన చూపు ఒక్కటే ఇప్పటికీ మర్చిపోలేను.

పెద్దాయన నవ్వాడు. అమ్మ రాసింది బాగుందన్నాడు. ఆ గమకం లాంటిది ఏమిటని అడిగి, మళ్లీ వాయించమని విన్నాడు. ఆ తర్వాత "ఇప్పుడు మూడే మూడు స్వరాలు. అంతకన్నా ఎక్కువ వాయించడానికి వీల్లేదు. ఒక కోరస్" అన్నాడు. వేగం కూడా ఆయనే చెప్పాడు, తీరిగ్గా. స, గ, మ. అంతే. మా అమ్మాయి మొదట ఇబ్బంది పడింది. రెండో కోరస్‌కి ఎక్కడ ఆగాలో చూసుకోవడం మొదలెట్టింది. మూడోసారి పియానో అబ్బాయి దాని మాటకి జవాబు చెప్పాడు, అది నవ్వింది, శాక్స్ నోట్లో ఉండగానే. నేను రాసిన ముప్పై ఆరు బార్లలో అలాంటిది ఒక్కటీ లేదు.

న్యాయంగా చెప్పుకోవాలంటే మన దగ్గరా అప్పటికప్పుడు తోచి పాడాల్సిన వాటికి కల్పన స్వరాలని పేరు పెట్టి ఇంట్లో రాసుకొచ్చి అప్పజెప్పే పిల్లలు ఎంతమంది లేరు! నేనూ సర్టిఫికెట్ పరీక్షలో అదే చేశాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఎంపికైన వాళ్ల జాబితాలో మా అమ్మాయి పేరు లేదు. ఎన్నో స్థానం వచ్చిందో కనుక్కోవాలని రెండు డెస్కుల దగ్గరికి వెళ్లాను. మూడో దాని దగ్గరికి వెళ్తుంటే కొంగు పట్టుకున్నట్టు నా కోటు పట్టుకుని లాగింది. "అమ్మా, చాలు."

సాయంత్రం అతిథి కళాకారుల కచేరీ కిబ్బీ డోమ్‌లో. అది ఫుట్‌బాల్ ఆడే స్టేడియం, పైన అర్ధచంద్రాకారపు కప్పు. లోపల నేల మీద కుర్చీలు వేసి, తెరలు కట్టి వేదిక చేశారు. ఎల్లా ఫిట్జెరాల్డ్, డిజ్జీ గిలెస్పీ లాంటి వాళ్లు వచ్చిన ఫెస్టివల్ ఇది. అంత పెద్ద డోమ్‌లో సంగీతం ఏం వినపడుతుందని అనుకున్నాను, నిజానికి వెనక వరసల్లో కాస్త గుంయిమంటుంది కూడా. అయితే పొద్దుటి నుంచీ ఎవరి వేదికల్లో వాళ్లు వణికిన వేల మంది పిల్లలు ఒకచోట చేరి, గొప్పవాళ్లు తప్పు వాయించి నవ్వుకోవడం చూస్తుంటే ఆ గుంయిమనడం గుర్తుండదు. పియానో ఆయన ఒక చోట దారి తప్పాడు. ఖాళీ వదిలాడు. మా అమ్మాయి మోచేత్తో నన్ను పొడిచింది.

బిగ్ బ్యాండ్ ఊపందుకున్నాక డోమ్ అంతా చప్పట్లు. నా చెయ్యి దాని దారిన అది ఆదితాళం మొదలెట్టింది. అప్పుడు గమనించాను. నేను దెబ్బ వేసినప్పుడు డోమ్ మౌనంగా ఉంటుంది. నా చిటికెన వేలు పడ్డప్పుడు వేల చేతులు మోగుతాయి. ఉంగరపు వేలికి మౌనం. మధ్య వేలికి మళ్లీ మోత. రెండు, నాలుగు. వాళ్లు తప్పూ కాదు, నేను తప్పూ కాదు, ఒకే లెక్కలో వాళ్లు నా వేళ్ల మీద కొడుతున్నారు. ఈ సంగతి చెవిలో చెబితే మా అమ్మాయి నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టి చూసుకుంది. ఆ తర్వాత "బయటికి మాత్రం వెయ్యకు" అంది.

తిరుగు ప్రయాణంలో బ్యాండ్ సార్ నా పక్కకొచ్చి కూర్చున్నారు. తిడతారనుకున్నాను. శుద్ధ ధన్యాసి గురించి అడిగి, స్పెల్లింగ్ రాయించుకున్నారు.

మరుసటి శీతాకాలం వాలంటీర్ కావాలని మళ్లీ మెయిల్ వచ్చింది. ఈసారి ఒక్క స్వరం కూడా రాయనని మా అమ్మాయికి మాటిచ్చాను. శాక్సోఫోన్ రాత్రి గదిలోకి తెచ్చుకునే బాధ్యత నాదేనని కూడా. అది కాసేపు ఆలోచించి, పులిహోరలో ఇంగువ తగ్గించమని నాలుగో షరతు పెట్టింది. తగ్గించలేదు.