రెండు షేకులు, ఒక కంచం: నా 16 వారాల లెక్క

రన్నింగ్ నా హాబీ. రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు పరిగెడుతున్నాను. ఈమధ్య కుడి మోకాలు నొప్పి పెట్టడం మొదలైంది. డాక్టర్‌గారు చూసి "అరుగుదలేమీ లేదు, కాస్త బరువు తగ్గండి చాలు" అన్నారు. ఒళ్ళు ఒక కేజీ తగ్గితే, నడకలో ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుందట. ఆ ఒక్క మాటతో నేను కదిలాను. ఎత్తు 161 సెంటీమీటర్లు, మొదలుపెట్టిన రోజు బరువు 78.4 కేజీలు. 70కి రావాలని అనుకున్నాను.

మొదలుపెట్టడానికి ముందు రెండు వారాల పాటు తిన్నదంతా రాసుకున్నాను. ఏదీ మానలేదు, రాయడం ఒక్కటే. సగటున రోజుకి 2,150 క్యాలరీలు తేలాయి. పొద్దున, మధ్యాహ్నం పెద్దగా తేడా లేదు. నా ఇబ్బందంతా సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరినప్పటి నుంచి తొమ్మిదింటి దాకా. వంట అయ్యేలోపు చేతికి అందిందల్లా తినేదాన్ని. అలసిపోయి ఉన్న మనిషి ఆ సమయంలో ఏం తినాలో, ఎంత తినాలో ఆలోచించలేదు. మీల్ రీప్లేస్‌మెంట్ వైపు, అంటే ఒక పూట భోజనానికి బదులుగా నీళ్ళలో కలుపుకుని తాగే షేకుల వైపు మనసు పోయింది అందుకే. అందులో కొలత ముందే అయిపోయి ఉంటుంది, మనం నిర్ణయించుకోవలసింది ఏమీ ఉండదు.

కొనేముందు చదివాను. బ్రిటన్‌లో డ్రాప్లెట్ అనే పరిశోధన 2018లో వచ్చింది. మొదట్లో రోజుకి 810 క్యాలరీల షేకులు, సూపుల మీద ఉన్నవాళ్ళు ఏడాదికి సగటున 10.7 కేజీలు తగ్గారు. మామూలు సలహాతో ఉన్నవాళ్ళు 3.1 కేజీలు తగ్గారు. డైరెక్ట్ అని ఇంకొకటి, టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్ళ మీద చేశారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ డయాబెటిస్ స్థాయి కంటే కిందికి వచ్చింది. రెండేళ్ళకి ఆ సంఖ్య 36 శాతం. ఈ తగ్గిన పది శాతమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అంత జాగ్రత్తగా నడిపిన ప్రోగ్రామ్‌లోనే పోయిన బరువు కొంత తిరిగి వస్తోందంటే, ఎవరి సాయం లేకుండా డబ్బా కొనుక్కుని తాగేవాళ్ళ సంగతేమిటి?

డైరెక్ట్‌లో షేకులు మూడు నుంచి ఐదు నెలలు ఇచ్చారు. ఆ తర్వాత రెండు నుంచి ఎనిమిది వారాల పాటు మామూలు తిండిని ఒక్కో పూటగా తిరిగి చేర్చారు. ఆపైన నెలనెలా కలుస్తూ వెంట ఉన్నారు. నేను షేకులు కొన్న కంపెనీ వాళ్ళ ప్రోగ్రామ్ చార్టులో మాత్రం మొదటి రోజు నుంచి ఆఖరి రోజు వరకు అన్నీ ఉన్నాయి గానీ, ఆఖరి రోజు తర్వాత ఏంటన్నది లేదు. అందుకని మొదటి షేక్ కలపకముందే, షేకులు మెల్లగా ఆపే వారాల కోసం నోట్‌బుక్‌లో ఒక పేజీ విడిగా పెట్టుకున్నాను.

లేబుల్ సంగతి కూడా ముందే చెబుతాను, ఎందుకంటే చాలామంది ప్రొటీన్ పౌడర్‌నీ దీన్నీ ఒకటే అనుకుంటారు. ప్రొటీన్ పౌడర్ భోజనానికి బదులు కాదు. అందులో విటమిన్లు, ఖనిజాలు, అవసరమైన కొవ్వులు పూటకి సరిపడా ఉండవు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991లో పెట్టిన ప్రమాణం ప్రకారం, భోజనానికి బదులుగా తీసుకునేదాంట్లో పూటకి 200 నుంచి 400 క్యాలరీలు ఉండాలి, అందులో 25 నుంచి 50 శాతం ప్రొటీన్ నుంచి రావాలి. నేను తీసుకున్నదాంట్లో సాచెట్‌కి 220 క్యాలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. గ్రాముకి నాలుగు క్యాలరీల లెక్కన ప్రొటీన్ వాటా 36 శాతం, బాగానే ఉంది. పీచు 3 గ్రాములే. ఇది చాలా తక్కువని రెండో వారంలో నాకే తెలిసొచ్చింది.

ప్రొటీన్ ఎంత అని చూస్తే సరిపోదు, అది ఏ రకమో చూడాలి. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ ప్రొటీన్ డైట్లు చేసి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. చాలామందికి గుండె లయ తప్పింది. వాటిలో వాడినది జంతువుల తోళ్ళ నుంచి తీసిన కొల్లాజెన్ రకం. శరీరానికి కావలసిన అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉండవు. పైగా రోజు మొత్తం మీద తీసుకునేది మూడు, నాలుగు వందల క్యాలరీలే. ఇప్పటికీ కొల్లాజెన్ పొడిని భోజనంలా తాగేవాళ్ళు కనిపిస్తే నాకు భయం వేస్తుంది.

ఇక మాత్ర. నేను రోజూ పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. చార్టులో పొద్దున ఎనిమిదింటికీ రాత్రికీ షేకులు రాసి ఉన్నాయి. ప్రోగ్రామ్ తరఫు కోచ్‌ని అడిగితే "అంతా సహజమే మేడమ్, ఏమీ కాదు" అన్నాడు. మనసు ఒప్పుకోక డాక్టర్‌గారిని అడిగాను. "సాచెట్‌లో క్యాల్షియం, ఐరన్ ఉంటాయి. మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి" అన్నారు. సరిగ్గా ఇలాంటి చోటే ప్రోగ్రామ్ అమ్మేవాళ్ళ మాట మీద ఆధారపడకూడదు. నాది చిన్న మాత్ర. ఇన్సులిన్ గానీ, షుగర్ మాత్రలు గానీ, బీపీ మందులు గానీ వాడేవాళ్ళు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్, బీపీ బాగా పడిపోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు పొడిలోని విటమిన్ కె గురించి తప్పకుండా అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గతంలో తిండికి సంబంధించిన మానసిక సమస్య ఉన్నవాళ్ళు వీటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

అలా నా షేకులు మధ్యాహ్నం ఒంటిగంటకీ, రాత్రి ఏడున్నరకీ మారాయి. చార్టులో రోజుకి వెయ్యి క్యాలరీలే ఉంటే, డాక్టర్‌గారు 1,200కి తక్కువ వద్దన్నారు. పొద్దున రెండు గుడ్లు, ఓట్స్, ఒక పండు. సాయంత్రం పెరుగు, గుప్పెడు గింజలు. రాత్రి షేక్‌తో పాటు ఉడికించిన కూరగాయలు.

1వ వారం. 78.4 నుంచి 76.3. ఇంట్లో అందరూ సంబరపడ్డారు గానీ నేను పడలేదు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం గ్లైకోజెన్, గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఆ నీరే పోతుంది. మూడో రోజున తలనొప్పి, చిరాకు. ఐదో రోజుకి సర్దుకున్నాయి.

కలపడం గురించి ఒక మాట. మొదటి మూడు రోజులూ పొడి ముందు వేసి నీళ్ళు తర్వాత పోశాను. సీసా అడుగున బొటనవేలంత ఉండ అంటుకుపోయేది, ఎంత ఊపినా కదిలేది కాదు. చివరి గుక్కలో అది నోట్లోకి వస్తే కడుపులో తిప్పేది. ముందు 250 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు, తర్వాత పొడి, ఓ అర నిమిషం ఊపి రెండు నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ ఊపితే ఆ బాధ తీరింది. మూత లోపలి రబ్బరు వాషర్‌ని రోజూ ఊడదీసి కడగాలి. లేకపోతే మూడో రోజుకి పులిసిన పాల వాసన పట్టేస్తుంది, సబ్బుకి కూడా పోదు. డబ్బాలో వచ్చే పొడిని స్కూప్‌తో కొలిస్తే ఒకసారి 38 గ్రాములు, ఇంకోసారి 47 గ్రాములు వచ్చింది. వంటింటి త్రాసు కొనడం మేలు, లేదంటే సాచెట్లే నయం.

2వ వారం. 75.8. మలబద్ధకం. నీళ్ళు రెండున్నర లీటర్లకి పెంచి, రాత్రి కూరగాయలు రెట్టింపు చేశాక నాలుగు రోజులకి తగ్గింది.

3వ వారం. 75.2. ఆదివారం 8 కిలోమీటర్లు అనుకుని బయల్దేరితే ఆరో కిలోమీటర్ దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. రోడ్డు పక్కన పది నిమిషాలు కూర్చుండిపోయాను. తప్పు నాదే. ముందురోజు రాత్రి షేక్, పొద్దున ఖాళీ కడుపు. అప్పటి నుంచి ఎక్కువ దూరం పరిగెత్తే రోజున, దానికి ముందు రాత్రి నిజమైన భోజనమే. పరుగుకి గంట ముందు ఒక పండు. ఆ రెండు రోజులూ ఒక్క షేక్‌తోనే సరి.

ప్రొటీన్ కూడా అప్పుడే లెక్క చూసుకున్నాను. రోజుకి 65 గ్రాములే అవుతోంది. త్వరగా తగ్గే బరువులో దాదాపు నాలుగో వంతు కండ కూడా పోతుంది, పరిగెత్తేవాళ్ళకి అది నష్టం. కేజీ బరువుకి 1.2 గ్రాముల చొప్పున నాకు 90 గ్రాములు కావాలి. ఇంకో గుడ్డు చేర్చి, పెరుగు పెంచాను. వారానికి రెండు రోజులు గుంజీళ్ళు, డంబెల్స్.

4వ వారం. 74.7. అంకెలు బాగున్నాయి. కానీ ఆ వారం జరిగినది రాయకపోతే ఈ లాగ్‌కి అర్థం లేదు. రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నారు. నేను పక్కన సీసా ఊపుకుంటున్నాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కంచం కొంచెం ముందుకి నెట్టి, "అమ్మా, నాకూ ఆ సీసాలోదే ఇవ్వవా? నా పొట్ట కూడా పెద్దగానే ఉంది" అంది. చొక్కా పైకెత్తి చూపించింది. నా గొంతులో గుక్క దిగలేదు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా మోకాలి సంగతి చెప్పాను, ఎదిగే పిల్లలు తినాలని చెప్పాను. విన్నది. కానీ నాలుగు వారాలుగా అది రోజూ చూస్తున్నది నా మాటల్ని కాదు, నా ముందు కంచం లేకపోవడాన్ని.

ఏ ప్రోగ్రామ్ ప్యాకెట్ మీదా దీని గురించి ఉండదు. మీల్ రీప్లేస్‌మెంట్ ఒక పూట తిండిని తీసేసినప్పుడు, ఆ పూట చుట్టూ కూర్చునే మనుషుల మధ్య నుంచి మనల్ని కూడా తీసేస్తుంది. ఒంటరిగా తినే పూటకి ఇది నిజంగా మంచి సాధనం. నలుగురితో తినే పూట నుంచి మనిషిని తప్పించే సాధనంగా దాన్ని వాడకూడదని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

5 నుంచి 8 వారాలు. రాత్రి షేక్ ఆపేశాను. ఆఫీసులో ఎలాగూ ఒంటరిగా తినే మధ్యాహ్నం పూట ఒక్కటే షేక్. మరి సాయంత్రపు ఆకలి? ఐదున్నరకి ఆఫీసులోనే ఉడికించిన గుడ్డు, పండు తినేసి బయల్దేరడం మొదలుపెట్టాను. ఇంటికి వచ్చేసరికి ఆకలి మనిషిని తరిమేంతగా ఉండదు. రాత్రి కంచంలో సగం కూరగాయలు. రోజు మొత్తం 1,550 క్యాలరీల దగ్గర నిలిచింది. 74.5, 74.3, 73.9, 73.6. వేగం సగానికి పడిపోయింది. నాకు బాధ లేదు. వారానికి కేజీన్నర కంటే వేగంగా తగ్గితే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది కూడా.

9 నుంచి 12 వారాలు. 72.4. నడుము చుట్టుకొలత, బొడ్డు దగ్గర, మొదటి రోజు నుంచి 7 సెంటీమీటర్లు తగ్గింది. 5 కిలోమీటర్లు 41 నిమిషాల నుంచి 36కి వచ్చింది, మోకాలి నొప్పి మెట్లు దిగేటప్పుడే కొంచెం. పదకొండో వారంలో దువ్వెనకి మామూలు కంటే ఎక్కువ జుట్టు వచ్చి టెన్షన్ పడ్డాను. ఒక్కసారిగా బరువు తగ్గాక రెండు మూడు నెలలకి ఇలా రాలడం మామూలేనట, మళ్ళీ వస్తుందట. మొదటి నెలలో నేను తొందరపడిన దానికి ఇప్పుడు వచ్చిన బిల్లు అది.

ఈ మధ్యలో ప్రోగ్రామ్ సభ్యత్వం దానంతటదే మరో నెలకి రెన్యూ అయిపోయి, అడగని డబ్బాలు రెండు వచ్చిపడ్డాయి. చేరేటప్పుడే ఆ ఆప్షన్ ఆఫ్ చేయండి.

13 నుంచి 16 వారాలు. విడిగా పెట్టుకున్న పేజీ తీశాను. మొదటి వారం రెండు రోజులు మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా, మూడు రోజులు షేక్. తర్వాతి వారం అటూ ఇటూ మారాయి. పద్నాలుగో వారం తూకం 73.1 చూపించింది. ముందే తెలియకపోతే భయపడి మళ్ళీ రెండు షేకులకి వెళ్ళిపోయేదాన్ని. మొదటి వారంలో పోయిన నీరే కొంత తిరిగి వచ్చిందంతే. పదహారో వారానికి 72.6.

యూరప్ నియమాల్లో ఈ ఉత్పత్తుల మీద రాయడానికి అనుమతించిన మాట కూడా ఇదే దారిలో ఉంది. బరువు తగ్గడానికి రోజుకి రెండు పూటలు, తగ్గిన బరువు నిలుపుకోవడానికి ఒక్క పూట. నేను మాత్రం ఇప్పుడు మీటింగుల వల్ల తినడానికి వీలు చిక్కని రోజుల్లోనే వాడుతున్నాను, వారానికి ఒకటో రెండో. డ్రాయర్‌లో నాలుగు సాచెట్లు ఉన్నాయి. అడగకుండా వచ్చిన ఆ రెండు డబ్బాలు సీల్ తీయకుండా వెనక్కి పంపేశాను. మిగిలిన రెండున్నర కేజీల కోసం మళ్ళీ రెండు షేకులకి వెళ్ళను. 73.5 దాటితే మాత్రం రెండు వారాలు మధ్యాహ్నం షేక్ అని గోడ మీద క్యాలెండర్‌లో రాసుకున్నాను.

ఈ ఆదివారం 9 కిలోమీటర్లు, మోకాలికి పట్టీ లేకుండా. బరువు మారింది కాబట్టి థైరాయిడ్ మాత్ర మోతాదు సరిపోతోందో లేదో చూడాలన్నారు డాక్టర్‌గారు. రక్తపరీక్ష సోమవారం పొద్దున.