మా కుళాయి నీళ్లు పుట్టే కొండ మీద రెండ్రోజులు

డిసెంబర్‌లో రెండ్రోజులు సెలవు దొరికితే పొద్దున్నే వైజాగ్‌లో కిరండూల్ పాసింజర్ ఎక్కేశా. అరకు చాలాసార్లే వెళ్లాను గానీ ఈసారి బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోయా, ఎందుకంటే మా ఏరియాకి వచ్చే నీళ్లు తాటిపూడి రిజర్వాయర్ నుంచి వస్తాయి, తాటిపూడిలోకి వచ్చేది గోస్తని, ఆ గోస్తని పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. చిన్నప్పటి నుంచి తాగుతున్న నీళ్లు ఎక్కడ మొదలవుతాయో ఒక్కసారన్నా చూడాలి కదా అనిపించింది.

గుహలు త్వరగానే చూసేశా, వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. లోపల కింద ఎక్కడో నీళ్ల చప్పుడు వినపడుతుంది, అది గోస్తనే అని గైడు చెప్పాడు, అక్కడ కాసేపు ఊరికే నిలబడిపోయా.

మా ఫ్రెండ్ ఒకడు ఈ మండలంలో టీచర్, వాడికి తెలిసిన కొండదొర గిరిజన కుటుంబం ఇంట్లో రాత్రికి ఉండటానికి మాట్లాడి పెట్టాడు. స్టేషన్ నుంచి జీపులో కొంత దూరం, ఆ పైన నడక. వెళ్లేసరికి చీకటి పడిపోయింది, చలి మామూలుగా లేదు, ఆ ఇంటి వదిన వేడి వేడి చోడి (రాగి) అంబలి ఇచ్చింది, మంట దగ్గర కూర్చుని తాగాం. అన్నకి యాభై దాటి ఉంటాయి, తక్కువ మాట్లాడతాడు, అడిగితే మాత్రం దాచుకోకుండా చెప్తాడు.

తెల్లారాక తోటలోకి తీసుకెళ్లాడు. కాఫీ తోట అంటే నేను వరసగా మొక్కలు ఉంటాయనుకున్నా, చూస్తే అది అడివే. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల పాదులు, మధ్యలో పనస, అక్కడక్కడా పాత అడివి చెట్లు, ఆ నీడలో కాఫీ. కింద కాలు పెడితే ఎండుటాకుల్లో చీలమండ దాకా దిగిపోయింది. అన్న వంగి ఆ ఆకులు చేత్తో పక్కకి తోసి కింద మట్టి గుప్పెడు తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగా, చల్లగా, పిండితే చెయ్యి తడైంది. వాన పడి చాలా రోజులైంది బాబూ, చూడు ఇంకా తడే అన్నాడు.

అప్పటికే వదినా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ నడుముకి బుట్టలు కట్టుకుని పండ్లు కోస్తున్నారు. పూర్తిగా ఎర్రబడినవే కోయాలి, పచ్చివి కలిస్తే రేటు పడిపోద్ది, అందుకని ఒకే కొమ్మ దగ్గరికి మూడు నాలుగుసార్లు రావాలి. నేనూ ఒక గంట కోశా, వేళ్లకి తియ్యటి జిగురు అంటుకుని చీమలు పట్టేశాయి, బుట్ట అడుగు కూడా నిండలేదు, వదిన పక్కన అప్పటికి రెండో బుట్ట దించేసింది.

తోట కింది అంచున ఊట ఉంది. పెద్దగా ఏమీ ఉండదు, రెండు రాళ్ల మధ్య నుంచి వేలంత ధార, దానికి ఒక పైపు పెట్టి ఊళ్లో ట్యాంకుకి కలిపారు, మిగిలిన నీళ్లు గెడ్డలోకి, అంటే కొండవాగులోకి పోతాయి, ఆ గెడ్డ ఇంకో గెడ్డలో కలిసి, అలా అలా గోస్తని, తాటిపూడి, ఆఖరికి భీమిలి దగ్గర సముద్రం. అన్న చిన్నప్పుడు ఈ వాలంతా అడివి నరికి కాల్చి పోడు చేసేవాళ్లట, అప్పట్లో ఎండాకాలం వస్తే ఊట ఆగిపోయేది, ఆడవాళ్లు చాలా దూరం దిగి నీళ్లు మోసుకొచ్చేవాళ్లట. చెట్లు పెరిగాక ఏడాది పొడుగునా ధార ఆగలేదంటాడు.

ఎదురుగా ఇంకో కొండ వాలు చూపించాడు, అది బోడిగా ఉంది, మధ్యలో వాన కోసేసిన ఎర్రటి గండ్లు. వానంతా ఒక్కసారే కిందకి దొర్లిపోద్ది, మట్టిని కూడా పట్టుకుపోద్ది అన్నాడు. ఆ మట్టి చేరేది మన రిజర్వాయర్ లోకే కదా అని నాకు అప్పుడు తట్టింది.

మరి అక్కడ కూడా కాఫీ వేసుకోవచ్చు కదా అని అడిగా. దానికి ఆయన చెప్పిన లెక్కే నన్ను ఇంకా వదల్లేదు. ముందు నీడ చెట్టు నిలదొక్కుకోవాలి, దానికి రెండు మూడేళ్లు, ఆ తర్వాత నాటిన కాఫీ కాపుకి రావాలంటే ఇంకో మూడు నాలుగేళ్లు, అంటే మొత్తం ఐదు నుంచి ఏడేళ్లు, అప్పటిదాకా ఆ ఇంట్లో పిల్లలు ఏం తినాలి? పోడు చేస్తే ఈ ఏడాది చోళ్లో సామలో చేతికొస్తాయి. వాళ్లకి అడివి విలువ తెలీక కాదు బాబూ, ఆగే ఓపిక ఉండాలంటే గింజ ఉండాలి అన్నాడు.

అన్న పరిస్థితి మాత్రం కొంచెం నయం, అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చింది, మొక్కలు ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) ఇచ్చింది, గుంతలు తీసినందుకు ఉపాధి హామీ కూలి వచ్చింది. ఇదే అరకు ప్రాంతంలో నాంది ఫౌండేషన్ వాళ్లు ఫ్రాన్స్‌లోని లైవ్లీహుడ్స్ ఫండ్ డబ్బుతో లక్షల చెట్లు నాటించారు, ఆ ఫండ్‌లో కంపెనీలు చెట్లకి ముందే పెట్టుబడి పెట్టి తర్వాత కార్బన్ క్రెడిట్లు, అంటే ఆ చెట్లు గాల్లోంచి పీల్చుకున్న కార్బన్ లెక్క, తమ ఖాతాలో వేసుకుంటాయి. అంటే ఎక్కడో ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లు గాలి కోసం ఈ కొండకి డబ్బులు కడుతున్నారు, ఈ కొండ నీళ్లు తాగే మనం మాత్రం పైసా కట్టట్లేదు.

ఆ రాత్రి మంట దగ్గర అన్న అడిగాడు, మీ ఊళ్లో నీళ్లకి బిల్లు వస్తదా బాబూ అని. వస్తుందన్నా. ఎవరికి కడతారు? కార్పొరేషన్‌కి అన్నా. ఆయన తలూపి కట్టె ఒకటి మంటలోకి తోశాడు. ఇంకేం అడగలేదు. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ల నుంచే సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు మొదలైంది, ఇక్కడి గిరిజన భూముల్లో ప్రైవేటు వాళ్లకి మైనింగ్ లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అదే తీర్పులో ఏజెన్సీలో పరిశ్రమలు పెడితే నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి అక్కడి నీటి వనరులకి, బళ్లకి, ఆసుపత్రులకి, రోడ్లకి వాడాలని కూడా ఉంది. రాయి తవ్వుకుపోయేవాడే ఇంత పెట్టాలంటే నీళ్లు తెచ్చుకునే సిటీ ఎంతో కొంత పెట్టడం న్యాయమే కదా. హిమాచల్‌లో పాలంపూర్ మున్సిపాలిటీ 2010లోనే పై ఊళ్లవాళ్లతో ఒప్పందం చేసుకుంది, ఊట పైనున్న అడివిని వాళ్లు కాపాడతారు, టౌను ఏటా వాళ్లకి సొమ్ము ఇస్తుంది. కోస్టారికా అయితే 1997 నుంచి పెట్రోలు పన్నులో కొంత తీసి అడివి నిలబెట్టిన రైతులకి ఇస్తోంది. అరకు కాఫీకి పారిస్‌లో షాపు ఉందని, 2019లో జీఐ ట్యాగ్ (ఈ ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా, కానీ ఆ కప్పు ధరలో నీళ్ల కూలి లేదు. నా బిల్లులో నెలకి పది రూపాయలు ఎక్కువ వేసి, ఆ ఎదురు కొండవాళ్లకి కాపు వచ్చేదాకా అన్నేళ్లూ బియ్యమో డబ్బో ఇస్తామంటే నేను సంతోషంగా కడతా, మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో కూడా ఇదే చెప్పా, ఇద్దరు ముగ్గురు బాగానే విన్నారు, ఒకాయన అయితే కార్పొరేషన్‌కి అర్జీ రాద్దాం అన్నాడు, ఇప్పుడు ఆ కాగితం మీదే కూర్చున్నాం.

మొన్న అన్న ఫోన్ చేశాడు. ఎదురు కొండలో వాళ్ల తమ్ముడి వాటా కొద్దిగా ఉందట, వానలు పడగానే అందులో సిల్వర్ ఓక్ దించుతారట, గుంతలకి మనుషులు కావాలి వస్తావా బాబూ అన్నాడు. జూన్ ఆఖర్లో ఒక వారం సెలవు పెట్టేశా.