రాగి వేళ్ల మీద నీలి ఇంకు

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి వచ్చిన మొదటి వారంలోనే అక్కడి గ్రీన్‌హౌస్‌లో రాగి పైరు కనిపించింది. బయట జనవరి చలి, ట్రామ్ పట్టాల పక్కన మంచు. లోపల వెచ్చగా, నల్ల కుండీల్లో రాగి, దాని పక్కనే కంది. అది ఎవరి ప్రయోగమో అడగాలని కూడా తోచలేదు. వంగి రాగి ఆకు మీద చెయ్యి పెట్టాను. మూడు రోజులుగా నోట తెలుగు మాట రాలేదేమో, ఆ గరుకు ఆకు తగిలేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మాది పలమనేరు పక్కన చిన్న ఊరు. ఎర్ర నేల, గులకరాళ్లు, వాన మీద బతుకు. రాగి సాళ్ల మధ్య కంది సాలు ఎందుకు వేస్తారని మా ఊళ్లో ఎవరూ అడగరు. మా అవ్వ వేసింది, నాయన వేస్తున్నాడు. ఆ సాలు సంగతి తేల్చడానికి ఇంత దూరంలో, రైన్ నది ఒడ్డున, మనుషులు ఏళ్ల తరబడి కూర్చున్నారని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

నేను చేరింది వేరే చిన్న ల్యాబ్‌లో, టెక్నీషియన్‌గా. ఆ రాగి-కంది కథ నాకంటే ముందుది. భారత్, స్విట్జర్లాండ్ ప్రభుత్వాలు కలిసి నడిపిన బయోటెక్నాలజీ కార్యక్రమం కింద బాసెల్ యూనివర్సిటీ, ఫిబ్ల్ అనే స్విస్ సేంద్రియ వ్యవసాయ పరిశోధన సంస్థ, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, చెన్నైలోని స్వామినాథన్ ఫౌండేషన్ కలిసి పనిచేశాయి. బెంగళూరులోనూ, తమిళనాడు కొల్లి కొండల్లోనూ పొలాల్లో పంట వేశారు, ఇక్కడ కుండీల్లో వేశారు. 2018లోనూ 2020లోనూ వచ్చిన వాళ్ల పేపర్లు నేను ట్రామ్‌లో చదువుకున్నాను.

వాళ్లు చూసింది ఇది. కంది వేరు లోతుకు దిగుతుంది. పైమట్టి ఎండిపోయినా కింద తేమ ఉంటుంది. ఎండ లేని రాత్రిపూట కంది ఆ తేమను పైకి లాగి, పైనున్న వేళ్ల నుంచి కొంత మట్టిలోకి వదులుతుంది. ఆ నీళ్లు పక్కనున్న రాగికి అందడానికి దారి వేసేది వేళ్లను అంటిపెట్టుకుని బతికే ఒక శిలీంధ్రం. దాని దారాలు రెండు మొక్కల వేళ్లనూ కలుపుతాయి. బరువైన హైడ్రోజన్‌తో గుర్తు పెట్టిన నీళ్లను కంది వైపు పోసి, రాగిలో తేలిందా లేదా అని కొలిచారు. తేలింది. అలాగని కంది ఉంటే చాలు, ఎంత కరువొచ్చినా రాగి పండిపోతుందని కాదు. పైమట్టిలో నీళ్ల కోసం రెండూ పోటీ పడతాయి కూడా. రాగి వాడిపోకుండా నిలబడటం వేరు, కంకి నిండటం వేరు. ఈ తేడా చెప్పకుండా ఎవరైనా ఈ శిలీంధ్రాన్ని పొగిడితే నాకు కోపమొస్తుంది, ఎందుకంటే ఆ పొగడ్త నమ్మి డబ్బు పెట్టేది మా నాయనలాంటి వాళ్లు.

ఈ శిలీంధ్రాన్ని మన ఎరువుల అంగళ్లలో 'వామ్' అంటారు. పుస్తకాల్లో మైకోరైజా. ఆ పేరు 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త పెట్టాడు, 'శిలీంధ్రం-వేరు' అని దాని అర్థం. స్కాట్లాండ్‌లో దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజ మొక్కల్లో కూడా ఇలాంటి శిలీంధ్రం ఉంది. వేళ్లు సరిగా రూపం కట్టకముందే ఈ పొత్తు మొదలైందన్నమాట. మన ఎర్ర నేలల్లో భాస్వరం లేక కాదు, ఇనుముకూ అల్యూమినియానికీ అతుక్కుపోయి వేరుకు అందదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తినేశాక ఆకలితో ఉంటుంది. మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని శిలీంధ్రపు దారాలు సెంటీమీటర్ల దూరం పోయి భాస్వరం తెచ్చిస్తాయి. బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది, కొవ్వు కూడా ఇస్తుంది. కొవ్వు సంగతి 2017లోనే తేలింది. ఈ శిలీంధ్రం తన కొవ్వు తను తయారు చేసుకోలేదు. అందుకే బతికున్న వేరు లేకుండా ఇది పెరగదు.

నా పని మట్టి కడగడం. బకెట్‌లో మట్టి కలిపి, బరువైనది అడుక్కి చేరాక పై నీళ్లను జల్లెడ మీద జల్లెడగా వంచుతాం. చివరి జల్లెడ కన్ను 45 మైక్రాన్లు. 1963లో గెర్డెమన్, నికల్సన్ అనే ఇద్దరు రాసిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ అదే. ఆఖరి జల్లెడలో మిగిలిన బురదను పళ్లెంలో పోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఇసుక రేణువుల మధ్య గుండ్రటి సిద్ధబీజాలు, అంటే ఈ శిలీంధ్రపు విత్తనాల్లాంటివి. కొన్ని తేనె రంగు, కొన్ని తెల్లగా సగ్గుబియ్యంలా, కొన్ని ఆవగింజ రంగు. సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే ఏరాలి. ఎక్కువ నొక్కితే పగిలిపోతుంది. నాలుగు గంటలు ఏరితే మెడ పట్టేస్తుంది, కానీ రాళ్లు ఏరిన బియ్యం చేటను చూసినప్పటి తృప్తి ఉంటుంది.

మా బల్ల చుట్టూ ఉన్నవాళ్లం ఒక్క దేశం వాళ్లం కాదు. ఉదయం తొమ్మిదింటికి అందరూ పని ఆపి రొట్టె, కాఫీతో కూర్చుంటారు. మొదటి ఏడాది వాళ్ల స్విస్ జర్మన్ ఒక్క ముక్క అర్థం కాక గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. నన్ను మాటల్లోకి లాగింది కొలంబియా అమ్మాయి. వాళ్ల దేశంలో లొసాన్ యూనివర్సిటీతో కలిసి కర్రపెండలం పొలాల్లో ఇదే శిలీంధ్రాన్ని వేసి చూశారు, తర్వాత కెన్యా, టాంజానియాల్లోనూ చేశారు. "మీ ఊళ్లో పెండలం తింటారా?" అని ఆమె అడగడం, నేను సంగటి గురించి చెప్పడం, అక్కడ మొదలైంది మా స్నేహం. ఇద్దరం రైతుల బిడ్డలం. మాకు మాట్లాడుకోవడానికి వేరే విషయం అక్కర్లేకపోయింది.

రెండో ఏడాది ఊరికి వెళ్లేముందు ల్యాబ్‌లో నా పై అధికారిని అడిగాను, మా చేలోంచి కాస్త మట్టి తెచ్చుకుంటానని. ఆయన వెంటనే వద్దన్నారు. వివరంగా చదివితే తెలిసింది. మట్టిని సరిహద్దు దాటించడానికి క్వారంటైన్ అనుమతి కావాలి, అది ఒక సంగతి. రెండోది, మన 2002 జీవవైవిధ్య చట్టం. విదేశీయులతో పాటు ఎన్నారై కిందికి వచ్చే భారత పౌరులు కూడా మన జీవ వనరులను పరిశోధన కోసం తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి తీసుకోవాలి. అంటే మా నాయన చేలో మట్టిని మా నాయన బిడ్డగా తాకొచ్చు, ల్యాబ్ మనిషిగా తీసుకోకూడదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పరాయిదాన్ని అయిపోయానని మొదటిసారి కాగితం మీద చూసినట్టనిపించింది.

అయినా ఆ చట్టం ఉండాలనే అంటాను. గాయాలకు పసుపు వాడటం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చేశారు, మన ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పోరాడితే గాని 1997లో రద్దు కాలేదు. జీవ వనరుల లాభంలో వాటిని ఇచ్చినవాళ్లకూ వాటా ఉండాలని దేశాలు చేసుకున్న, 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం కూడా ఈ భయం లోంచి పుట్టిందే. మట్టి ఇచ్చిన ఊరికి వాటా ఉండాలి. మట్టిని మూటగట్టి పట్టుకుపోయేది సహకారం ఎట్టా అవుతుంది?

ఆ సెప్టెంబరులో ఇల్లు చేరేసరికి నాయన బీరువా మీద నుంచి ఒక ప్యాకెట్ తీసి చేతిలో పెట్టాడు. "ఇది నువ్వు చెప్పే వామేనా పాపా? పోయినేడు టమాటాకు వేసినా. ఏం తేడా కనపడలా." ప్యాకెట్ మీద తయారీ తేదీ చెరిగిపోయి ఉంది. గ్రాముకు ఎన్ని బతికున్న కణాలున్నాయో ఎక్కడా లేదు. గ్రాముకు కనీసం ఇన్ని ఉండాలని మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో లెక్క ఉంది. రేకుల కప్పు కింద ఎండల్లో ఎన్ని నెలలు పడి ఉందో ఏమో. నాయన మాత్రం దాన్ని భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువుతో కలిపి చల్లాడు. భాస్వరం దండిగా దొరుకుతుంటే మొక్క ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. పైగా ఆ కయ్యలో అంతకుముందు పంట క్యాబేజీ. క్యాబేజీ, ముల్లంగి, ఆవాల కుటుంబానికి దీనితో పొత్తే లేదు. ఆయనకు ఈ మూడు మాటలూ చెప్పినవాళ్లు లేరు. ఆయన డబ్బు పోయిందని నాకు బాధ, అంతకంటే ఎక్కువ బాధ ఆయన 'ఇదంతా ఉత్తదే' అనుకున్నందుకు.

అప్పుడు ఇంకు గుర్తొచ్చింది. వేరులో శిలీంధ్రం ఉందో లేదో చూడటానికి ల్యాబుల్లో ట్రైపాన్ బ్లూ అనే రంగు వాడేవాళ్లు, దాన్ని ముట్టుకోవాలంటే జాగ్రత్తలు చాలా. 1998లో ఫియర్‌హైలిగ్, ఆయన తోటివాళ్లు మామూలు పెన్ను ఇంకు, వంటింటి వెనిగర్ చాలని చూపించారు. నూరు పాళ్లలో ఐదు పాళ్లు ఇంకు, మిగతాది వెనిగర్, మూడు నిమిషాలు మరిగిస్తే చాలు.

నలభై రోజుల రాగి మొక్కను మట్టితో సహా పెళ్లగించి తడిగుడ్డలో చుట్టాను. టమాటా కయ్యలోంచి ఒక మొక్క. నాయనా నేనూ తిరుపతి బస్సెక్కాం. అక్కడ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే నా స్నేహితురాలు గేటు దగ్గరే ఎదురొచ్చింది. "ఏమ్మే, ఊరికొచ్చి కూడా వేళ్లేనా?" అంటూ ల్యాబ్ తాళం తీసింది. సన్న వేళ్లను కడిగి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికిస్తే పసుపుతనం పోయి గాజులా అయ్యాయి. పక్క అంగట్లో కొన్న నీలి ఇంకు, కిరాణా కొట్టు వెనిగర్ కలిపి మరిగించాం. గది నిండా పుల్లటి వాసన. నాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని కూడా పక్కకు జరగలేదు.

స్లైడు సరిచేసి ఆయన్ని కూర్చోబెట్టాను. ఒక కన్ను మూసుకోవడం కుదరక అరచేత్తో మూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. వేరు కణాల లోపల నీలంగా కొమ్మలు కొమ్మలుగా ఉన్నవాటిని ఆర్బస్క్యూల్స్ అంటారు, లాటిన్‌లో చిన్న చెట్టు అని. నేనింకా ఆ మాట చెప్పలేదు.

"చింతచెట్టు మాదిరి ఉండాది పాపా," అన్నాడు. "ఇది మన చేలోదేనా? ఎవురూ వెయ్యకుండానే వచ్చిందా?"

"మనదే నాయనా. అవ్వ కాలం నుంచి ఉన్నదే."

టమాటా వేరులో ఎంత వెతికినా అక్కడొక నీలి దారం, ఇక్కడొకటి. నాలుగు ముక్కలు చూసి తీర్మానం చేయకూడదని నా ఉద్యోగం నాకు నేర్పింది. అదే నాయనకు చెప్పాను. ఆయనకు అది సాకులా అనిపించలేదు. "అయితే ఇంకో పది మొక్కలు పీకుదాం," అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ఆ పొడి మళ్లీ కొనాలా అని. స్విట్జర్లాండ్‌లో 54 మొక్కజొన్న పొలాల్లో ఒకే శిలీంధ్రాన్ని వేసి చూశారని చెప్పాను. కొన్నిచోట్ల పైరు 40 శాతం దాకా ఎక్కువ పెరిగింది, కొన్నిచోట్ల 12 శాతం దాకా తగ్గింది. 2023లో వచ్చిన ఫలితం అది. ఆ నేలలో అప్పటికే ఏ తెగులు శిలీంధ్రాలు ఉన్నాయన్నదాన్ని బట్టి ఫలితం మారింది. అంత చిన్న దేశంలోనే అన్ని రకాలుగా వస్తే, పలమనేరుకు ఏది పనిచేస్తుందో బాసెల్‌లో కూర్చుని నేను చెప్పలేను. కానీ ఆయన చేయగలిగినవి ఉన్నాయి. డీఏపీ తగ్గించి నాలుగు సాళ్లు విడిగా వేసి చూడొచ్చు. క్యాబేజీ తర్వాత నేరుగా టమాటా వేయకుండా మధ్యలో రాగి గానీ జొన్న గానీ వేయొచ్చు. గట్టు వార, రాగి బాగా పండే చోటి మట్టిని చిన్న గుంతలో పోసి మొక్కజొన్న పెంచి, రెండు నెలలకు పైరు కోసేసి, ఆ వేళ్లు తరిగిన మట్టిని టమాటా నారుమడిలో కలపొచ్చు. నారు దశలో అయితే చేనంతటికీ చల్లక్కర్లేదు, పిడికెళ్లతో సరిపోతుంది.

"గుంత నేను తవ్వుతా. లెక్క నువ్వు రాసుకో," అన్నాడు నాయన.

ఇప్పుడు నా స్నేహితురాలి డిగ్రీ పిల్లలు ఆరుగురు నెలకోసారి మా చేనుకు వస్తున్నారు. వేళ్లు వాళ్లే తీస్తారు, వాళ్లే ఉడికిస్తారు, ఫొటోలు నాకు పంపుతారు. మట్టి ఎక్కడికీ కదలదు. నేను ఆదివారం సాయంత్రాలు కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో ఫొటోలో ఎన్నిచోట్ల నీలం ఉందో ఎలా లెక్కపెట్టాలో వాళ్లకు ఫోన్‌లో నేర్పుతున్నాను. మొన్న ఒక పిల్ల, "అక్కా, ఇది శిలీంధ్రమా, ఇంకు మరకా?" అని అడిగింది. దారం గోడను దాటి కణం లోపలికి పోయిందేమో చూడమన్నాను.

పోయిన వారం నాయన వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. అరచేతిలో కడిగిన రాగి వేరు, గోళ్లల్లో ఎర్రమట్టి. వెంటనే ఫోన్ చేశాడు. "దీంట్లో ఉండాదా పాపా?"

"కంటికి తెలీదు నాయనా, ఉడకబెట్టాల."

"సరే, పిల్లోళ్లు వచ్చినాక చూస్తాం," అన్నాడు. వెనక అమ్మ గొంతు వినిపించింది, వెనిగర్ అయిపోయిందని.