పిల్లల తలకి కరెంటు పెట్టే ప్యాకేజీలు

మా అక్క కొడుకుకి డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమవుతుంది. ‘ప్రయాణం’ అన్న మాట వస్తే చాలు, ‘ప’ కింద ఉన్న క్రావడి మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, చివరికి ‘పయాణం’ అనేసి మన మొహంలోకి చూస్తాడు. ఈ మధ్య ఒక సెంటర్ వాళ్లు బ్రెయిన్ స్టిమ్యులేషన్‌తో, అంటే తలకి సన్నగా కరెంటు పెట్టి, నయం చేస్తామని అక్కకి ప్యాకేజీ చెప్పారు.

ఇది షాక్ ట్రీట్‌మెంట్ కాదు, ఆ భయం అక్కర్లేదు. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్లు తలకి పెట్టి, ఒకటి రెండు మిల్లీయాంపుల కరెంటు ఓ ఇరవై నిమిషాలు పంపుతారు. రోమ్‌లోని బాంబినో జేసు పిల్లల ఆసుపత్రి వాళ్లు డిస్లెక్సియా ఉన్న పిల్లల మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. ఆరు వారాల పాటు నిజం కరెంటు అందిన పిల్లలు, ఉత్తుత్తి కరెంటు పెట్టిన పిల్లల కంటే అరుదైన మాటలు బాగా చదివారు. కానీ అందులో ఉన్నది మొత్తం 18 మంది, పైగా రెండు గుంపుల వాళ్లకీ చదవడంలో ట్రైనింగ్ కూడా ఇచ్చారు. లెక్కలు రాక ఇబ్బంది పడే పిల్లల మీద లండన్‌లో ఇలాగే తలకి కరెంటు పెట్టి చేసిన పరిశోధన 2017లో వచ్చింది, అందులో 12 మందే! ఇంత చిన్న పరిశోధనలు పట్టుకుని నయమైపోతుందని తల్లిదండ్రులకి అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఇంకో మాట. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పెద్దవాళ్ల మీద చేసి చూస్తే, మెదడులో ఒకచోట కరెంటు పెడితే కొత్తగా కల్పించిన అంకెల గుర్తులు త్వరగా నేర్చుకున్నారు గానీ నేర్చుకున్నది అలవోకగా రావడం తగ్గింది, ఇంకోచోట పెడితే సరిగ్గా తిరగబడింది. పిల్లల పుర్రె పలచన, అదే కరెంటు వాళ్ల మెదడులోకి ఇంకా ఎక్కువ చేరుతుంది. అలాంటిది ఎదిగే పిల్లాడికి ఎక్కడ, ఎంత పెట్టాలో ఆ సెంటర్ వాళ్లు ఏ లెక్కన తేల్చారు?

ఎవరైనా మీకు ఇలా చెబితే, మనుషుల మీద పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ కాగితం చూపించమనండి. పరిశోధనే అంటే మీరు డబ్బు కట్టాల్సిన పని లేదు, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నియమాలే ఆ మాట చెబుతున్నాయి.

అక్కకి మాత్రం ఆ డబ్బుతో మంచి స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పెట్టుకోమన్నాను. డిస్లెక్సియా లాంటి లెర్నింగ్ డిజేబిలిటీని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యంగా గుర్తించారు, సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెబితే రాసిపెట్టే మనిషి) అడగొచ్చు. ముందు ఆ సర్టిఫికెట్‌కి కావాల్సిన అసెస్‌మెంట్ సంగతి చూడమని రోజూ ఫోన్ చేసి మరీ చెబుతున్నాను.