లేటు వరసలో నేర్చుకున్న ఇంగ్లీషు

మన తిరుపతి బడిలో ప్రార్థన గంట మోగాక వచ్చినవాళ్లను విడిగా వరసలో నిలబెట్టేవాళ్లు. పాకాల, చంద్రగిరి వైపు నుంచి మీటరుగేజి బండిలో వచ్చేవాళ్లే అందులో ఎక్కువ. మిగతా అయివార్లు బెత్తం పట్టుకొచ్చేవారు. ఇంగ్లీషు అయివారు మాత్రం ఏదో ఒక మాట పట్టుకొచ్చేవారు. ఆయనెవరో ఆ రోజుల్లో చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

"ఏమిరా, లేటుగా వస్తివి. లేటంటే ఏమో తెలుసునా?" అని మొదలయ్యేది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు మందకొడి, నెమ్మది అని అర్థమట. గడియారంతో సంబంధం లేదు, నడకతోనే పని. లాస్ట్ కూడా దాని బిడ్డే. లేటుగా వచ్చినవాళ్లందరిలోకీ ఎక్కువ లేటైనవాడు లాస్టు. అట్లాగే ఫోర్ (fore, అంకె నాలుగు కాదు) అంటే ముందు, అందరికన్నా ముందున్నవాడు ఫస్టు. మరి సెకండో? అది పరాయి సరుకు. వెంట నడవడమనే లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లు రెండోదాన్ని కూడా అదర్ అనే అనేవాళ్లు. రోజు విడిచి రోజుకు 'ఎవ్రీ అదర్ డే' అనడంలో ఆ వాసన ఇంకా ఉంది.

నాకు బాగా గుర్తున్నది ప్రొక్రాస్టినేట్. నోరు తిరగక మేము తంటాలు పడుతుంటే ఆయన దాన్ని మూడు ముక్కలు చేసి బోర్డు మీద పెట్టారు. నడిమి ముక్క క్రాస్, లాటిన్‌లో రేపు అని. పనిని రేపటికి నెట్టడమన్నమాట. "రేపు కూడా చెయ్యకపోతే సార్?" అని వెనక నుంచి ఎవడో అడిగాడు. కోప్పడతారనుకున్నాం. కానీ ఆయన ముఖం వెలిగిపోయింది. దానికీ ఒక మాట ఉందిరా, పెరెండినేట్, ఎల్లుండికి వాయిదా వెయ్యడం అన్నారు. మాట పెద్ద నిఘంటువుల్లోనే మిగిలింది. ఇంత చేసీ ఎల్లుండిని ఒక్క మాటలో చెప్పలేరు వాళ్లు. ఓవర్‌మారో అని ఒకప్పుడుండేది, పోగొట్టుకున్నారు. మనకు ఎల్లుండితో ఆగదు, ఆవలెల్లుండి కూడా ఉంది. పని వాయిదా వెయ్యడంలో మనమే ఘనులమని క్లాసంతా నవ్వింది.

పెనల్టిమేట్ అంటే అన్నిటికన్నా గొప్పదనుకునేవాళ్లం. కాదు, చివరిదానికి ముందుది. పెన్ అంటే దాదాపు. జాగ్రఫీలో పెనిన్సులా చదివే ఉన్నాం కాబట్టి, దాదాపు ద్వీపం, దాదాపు చివరిది అని చటుక్కున పట్టేశాం. అప్పటి నుంచి ఆఖరి బెంచీకి ముందు బెంచీవాళ్ల పేరు పెనల్టిమేట్ బ్యాచి.

డెడ్‌లైన్ సంగతి మాత్రం ఆయన దగ్గర వినలేదు, తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరలో ప్రహరీకి లోపలివైపు ఒక కంచె వేశారు. ఖైదీ అది దాటితే కాల్చెయ్యడమే, అందుకే దాని పేరు డెడ్‌లైన్. ఆ మాటే కాలక్రమాన పత్రికాఫీసుల్లో చేరి వ్యాసాల గడువైంది. ఈ సంచిక సంపాదకులు మనందరికీ పెట్టిన మెసేజీలో ఆ మాట మూడుసార్లుంది. తుపాకీ లేదు, అంతే తేడా.

ఆయనకు ససేమిరా గిట్టని మాట ఒకటుండేది, ప్రీపోన్. బ్రహ్మోత్సవాలకు అడ్డొస్తుందని ఓ ఏడు క్వార్టర్లీ పరీక్షలు అనుకున్న తేదీకన్నా ముందుకు జరిపి, నోటీసులో ఆ మాట రాశారు. ఆయన పెన్ను తీసి కొట్టేసి 'అడ్వాన్స్‌డ్' అని దిద్దారు. మన దేశంలో పెరిగిన ఆ మాటకు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటుంది. లాటిన్ లెక్కన చూసినా వంక పెట్టడానికి లేదు. పోస్ట్‌పోన్‌లోని పోస్ట్ అంటే తర్వాత, ప్రె అంటే ముందు, పోనెరె అంటే పెట్టడం. అయినా ఆయన ఒప్పుకుని ఉండేవారు కారు.