అవ్వ చేన్లో గొంగళిపురుగు

పోయిన వేసవి సెలవులకు అనంతపురం దగ్గర మా ఊరికి పోయాం. మూడో రోజు రాత్రి మా పాప అడిగింది: "అమ్మా, మనం ఇంటికి ఎప్పుడు వెళ్తాం?" నేను పుట్టి పెరిగిన ఇంట్లో, మా అమ్మ పరిచిన పరుపు మీద పడుకుని అడిగిందా మాట. కలుక్కుమంది. పిల్ల తప్పేముంది, దానికి ఇల్లంటే అమెరికాలోని మా అపార్ట్‌మెంటే.

అటువంటి ప్రశ్నే 1935లో జర్మనీలో ఆరేళ్ల పిల్లవాడొకడు అడిగేవాడు. ఎరిక్ కార్ల్. పిల్లలు పేజీలు చిరిగిపోయేదాకా చదివే, ఆకలిగొన్న గొంగళిపురుగు కథ 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' రాసి, బొమ్మలు వేసినాయన. 1929లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మన్లు. తల్లికి సొంతూరి మీద బెంగ. అందుకే సంసారం మొత్తం స్టుట్‌గార్ట్‌కు తరలిపోయింది. ఇక వెనక్కి పోయేది లేదని తెలిశాక, పెద్దయి అమెరికాకు వంతెన కడతాను, అవ్వను చెయ్యి పట్టుకుని సముద్రం దాటిస్తాను అనుకున్నాడట. కానీ యుద్ధం వచ్చింది. తండ్రిని సైన్యంలోకి తీసుకున్నారు. సోవియట్ సైన్యానికి చిక్కి, యుద్ధం అయిపోయినా వెంటనే ఇల్లు చేరలేదు. కొడుకు 1952లో 40 డాలర్లతో న్యూయార్క్‌లో దిగాడు.

ఈ కథలో నాకు పదేపదే గుర్తొచ్చేది ఆ తల్లి. వెనక్కి వచ్చేద్దామని మావారితో నేను ఎన్నిసార్లు అన్నానో! నా బెంగ తీరితే పిల్లకు బెంగ మొదలవుతుందని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

పొద్దున పాప ఆ పుస్తకం పట్టుకుని అవ్వ దగ్గరికి పోయింది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, దానికి తెలుగు చదవడం రాదు. కానీ ఆ పుస్తకంలో పురుగు తిన్న ప్రతి పండుకూ నిజంగానే చిల్లు ఉంటుంది. కాగితాలకు చిల్లులు పొడిచే పంచింగ్ మిషన్ వాడుతుంటే కార్ల్‌కు ఆ ఆలోచన పుట్టిందట, 1969లో పుస్తకమైంది. అమ్మ ఒక చిల్లులో వేలు పెట్టింది. వెనకవైపు నుంచి పాప ఆ వేలు పట్టుకుంది.

"ఇదేం పురుగు పాపా?"

"గొంగళిపురుగు, అవ్వా."

"అయ్యో, దీన్ని బొమ్మేసి ముద్దు చేస్తారా! మా శెనక్కాయ చేలు ఆకు లేకుండా తినిపోయేది ఇదే కదా!"

ఇక మొదలుపెట్టింది. తొలకరి పడగానే భూమిలోంచి రెక్కల పురుగులు లేచేవి. రాత్రుళ్లు చేని గట్ల మీద మంటలు వేసేవాళ్లు. వెలుగుకు వచ్చి పడేవి. తప్పించుకున్నవి గుడ్లు పెడితే ఎర్ర గొంగళిపురుగులు పుట్టి ఒక చేను అయ్యాక ఇంకో చేనికి మందలుగా నడిచేవి. వాటికి అడ్డంగా కాలువలు తవ్వేవాళ్లు. పాప నోరు తెరుచుకుని వింది. అర్థం కానిచోట నావైపు చూసింది. చెప్పబోయి ఆగాను. అమ్మే మళ్లీ చేతులతో చేసి చూపించింది, రెండు వేళ్లను గచ్చు మీద పురుగులా నడిపించి.

కార్ల్ పల్చటి టిష్యూ కాగితాలకు తానే రంగులు పూసి, ఆరాక కత్తిరించి అతికించేవాడు. అట్లాంటి కాగితం మా ఊళ్లో ఎక్కడిది? గాలిపటాల కాగితం తెచ్చిచ్చాను. మధ్యాహ్నమంతా నడవలో బోర్లా పడుకుని కత్తిరించింది. జిగురు చేతికీ జుట్టుకూ పూసుకుంది. పాప చేసిన పురుగు పుస్తకంలోలా ఆకుపచ్చగా లేదు, ఎర్రగా ఉంది. కింద శెనక్కాయ ఆకులు నాలుగు నాలుగుగా, అవ్వ చెట్టు పీకి చూపించినట్టే. ప్రతి ఆకులోనూ పెన్సిలుతో పొడిచిన చిల్లు.

తీసుకెళ్లి అవ్వ ఒళ్లో పెట్టింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "చేనంతా పాయె కదే!" అంది. పాప పడీపడీ నవ్వింది.