మావ్స్ లేకపోతే ఇంటర్‌ఫెరాన్ రాదా? నేను బోల్తా పడ్డ ప్రశ్న

సీఎస్‌ఐఆర్ నెట్ (లెక్చరర్‌షిప్, పరిశోధన ఫెలోషిప్‌ల అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్ రాస్తూ, ఇమ్యునాలజీ రాగానే పేజీ తిప్పేసేవాళ్ల కోసం ఇది. రెండోసారికి నాకు లెక్చరర్‌షిప్ వచ్చింది. జేఆర్‌ఎఫ్ (ఆ ఫెలోషిప్) కోసం మళ్లీ కూర్చున్నాను.

మొదటిసారి అంతా బట్టీయే. శ్రీకాకుళంలో నా రూము గోడకి, టీఎల్‌ఆర్‌లలో (సూక్ష్మజీవుల్ని పసిగట్టే కాపలా ప్రోటీన్లు) ఏది దేన్ని పట్టుకుంటుందో చార్టు ఉండేది: టీఎల్‌ఆర్3కి డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ, 7, 8లకి సింగిల్ స్ట్రాండ్, 9కి మిథైల్ లేని సీపీజీ డీఎన్‌ఏ (బ్యాక్టీరియాలో ఎక్కువగా కనిపించే రకం). ఓ మాక్ టెస్టులో అడిగారు: మావ్స్ అనే ప్రోటీన్ తీసేసిన కణంలోకి డీఎన్‌ఏ పంపితే ఇంటర్‌ఫెరాన్ (వైరస్ వచ్చిందని కణం పంపే హెచ్చరిక ప్రోటీన్) వస్తుందా? "రాదు" అని పెట్టాను. 4 మార్కులు రాకపోగా ఇంకొకటి కోసేశారు.

ఆ వారమే ఊరెళ్లాను. అరుగు మీద మా నాయనమ్మ ఓ కొత్త కుర్రాణ్ని ఆపి, "ఎవులోల పిల్లడివి బాబూ? ఇటేపు ఎందుకొచ్చావు?" అంటోంది. కణం అడిగేవీ ఆ రెండే: ఎవరి తాలూకు, ఇక్కడేం పని.

మన ఎంఆర్‌ఎన్‌ఏకి 5 ప్రైమ్ చివర (మొదలు వైపు) క్యాప్ అనే టోపీ ఉంటుంది. ఇన్‌ఫ్లూయెంజా లాంటి వైరస్‌ల జీనోమ్ ఆర్‌ఎన్‌ఏకి ఆ చివర మూడు ఫాస్ఫేట్లు బోసిగా ఉంటాయి. రిగ్-ఐ అనే కాపలా ప్రోటీన్ పట్టుకునేది దాన్నే. పొడవాటి డబుల్ స్ట్రాండ్ ఆర్‌ఎన్‌ఏ అయితే దాని తోటి ప్రోటీన్ ఎండీఏ5 వంతు. ఇద్దరూ కబురు పెట్టేది మైటోకాండ్రియా మీదున్న మావ్స్‌కే.

డీఎన్‌ఏని పట్టే సీగ్యాస్ అనే ప్రోటీన్ దారి వేరు. దానికి సీక్వెన్స్‌తో పని లేదు, న్యూక్లియస్‌లో ఉండాల్సిన డీఎన్‌ఏ సైటోప్లాజంలో కనపడితే చాలు. సీగ్యాంప్ అనే చిన్న సంకేత అణువుని తయారుచేస్తుంది, అది ఈఆర్ (కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) మీది స్టింగ్ అనే ప్రోటీన్‌ని లేపుతుంది. మావ్స్ ఊసే లేదు! రెండు దారులూ టీబీకే1 అనే ఎంజైమ్ దగ్గర కలిసి, జీన్‌ని ఆన్ చేసే ఐఆర్‌ఎఫ్3 ప్రోటీన్ మీదుగా ఇంటర్‌ఫెరాన్‌కి పోతాయి. కాబట్టి జవాబు: వస్తుంది.

టీఎల్‌ఆర్9 ఎండోసోమ్ (కణం బయటినుంచి మింగినవాటిని మోసే సంచి) లోపలే ఎందుకుందో కూడా అప్పుడే వెలిగింది. మన డీఎన్‌ఏ మామూలుగా అటు పోదు, పోయినా డీఎన్ఏజ్‌లు (డీఎన్‌ఏని కోసే ఎంజైములు) ముందే తినేస్తాయి. ఈ కాపలా కళ్లుగప్పే విద్యకే 2023లో శాస్త్రవేత్తలు కారికో, వైస్‌మన్‌లకి నోబెల్ వచ్చింది: యూరిడిన్ (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటి) మార్చిన ఆర్‌ఎన్‌ఏని టీఎల్‌ఆర్‌లు అంతగా పట్టించుకోవని 2005లోనే చూపించారు.

చార్టు చించేశాను. ఇప్పుడు రోజూ కణం బొమ్మ గీసి, ఒక ప్రోటీన్ కొట్టేసి, ఏ దారి ఆగిందో చూస్తాను. మీరు ట్రెక్స్1తో మొదలుపెట్టండి. సైటోప్లాజంలో పడిన డీఎన్‌ఏని ఊడ్చేసేది అదే. అది పోతే, వైరస్ లేకుండానే ఇంటర్‌ఫెరాన్ ఎందుకొస్తుందో బొమ్మలోనే కనపడుతుంది.